ఆకాశ సైన్యాల సామేలు సారు

మా రాయికల్ సామేలు సారుకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ఏ దేశానికి అంతరిక్ష సైన్యం ఉంది, దాని పేరేమిటి, అది ఎవరి కింద పనిచేస్తుంది అన్నదే ఆయనకు లోకం. మీరు ఉప్పు ధర గురించి అడిగినా మూడో మాటకల్లా ఆయన అమెరికాలో అంతరిక్ష కమాండు ఉన్న కొలరాడోలో తేలేవారు. అక్కడి నుంచి ఇంటికి రావడం మీ తిప్పలు.

ఆయన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మాకు ఫిజికల్ సైన్సు చెప్పేవారు. పుట్టింది మేడిపల్లిలో, కూలీల ఇంట్లో. ఆ ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి ఆయనే. ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే మోపెడు మీద కోరుట్ల వెళ్లి, నెట్ సెంటర్‌లో రెండు గంటలు కూర్చుని సైన్యాల సంగతులు రాసుకొచ్చేవారు. నెట్ సెంటర్ రాజం ఆయన దుబాయి ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారనుకుని వారం వారం అడిగేవాడు.

“సారూ, వీసా అచ్చిందా?”

“ఏం వీసా? రష్యాల గొడవైతున్నది!”

“రష్యా వీసానా సారూ? ఆడ చలి గద!”

ఆయన భార్య ఊర్మిలమ్మ ఈ బాధ గురించి మా అమ్మకు చెప్పుకునేది. “ఇంట్ల గ్యాసు అయిపోయిందని చెప్పిన మల్లక్కా. ఫ్రాన్సుల గూడ గిదే తిప్పలన్నడు. గ్యాసు తిప్పలా అంటే, కాదు, కమాండు తిప్పలన్నడు. ఏం సమజ్ కాలే. కట్టెల పొయ్యి ముట్టిచ్చిన.”

ఒకనాడు బస్టాండు హోటల్లో ఈత కల్లు గీసే భూమన్న ఆయనకు దొరికిపోయాడు.

“సారూ, గా ఆకాశం సైన్యంల సిపాయిలు పైననే ఉంటరా?”

“లేదు భూమన్నా. కిందనే, ఆఫీసుల ఉంటరు.”

“కింద ఉంటె ఆకాశం సైన్యం ఎట్లైతది?”

“వాళ్లు చూసేది ఆకాశం గదా.”

“తుపాకులు ఉంటయా?”

“కంప్యూటర్లుంటయి. పైన ఏ ఉపగ్రహం ఎటు పోతున్నదో రాత్రింబగళ్లు చూస్తుంటరు.”

భూమన్న టీ గ్లాసు కింద పెట్టాడు. “చూసేదానికి జీతమిస్తరా? మరి నేను చెట్టెక్కి దినాం గదే ఆకాశం చూడవడితిని!”

నిజం చెప్పాలంటే సారు కూడా అయోమయంలోనే ఉండేవారు. అందుకు కారణం ఆయన కాదు, ఆ దేశాలే. అమెరికా తన స్పేస్ కమాండును 2002లో ఇంకో కమాండులో కలిపేసింది. కానీ వాళ్ల వైమానిక దళానికి వేరే స్పేస్ కమాండు ఉండనే ఉంది. మన దేశంలో పెట్టినదాన్ని సైన్యం అనాలో, కమాండు అనాలో తెలియదు, దాని పేరు సెల్ అట. “సెల్ అంటే ఫోనా సార్?” అని మా క్లాసు గణేశ్ అడిగితే సారు ఆ పీరియడంతా బోర్డు మీద గీతలు గీశారు, చెరిపారు, మళ్లీ గీశారు. చివరికి గంట కొట్టారు. ఎవరికీ ఏమీ తెలియలేదు.

2011 సెప్టెంబరులో, తెలంగాణ రాష్ట్రం ఇవ్వాలని సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, మా బడికి తాళం పడింది. సమ్మె కాగితం మీద మా బడిలో మొదటి సంతకం సామేలు సారుదే. మండలాఫీసు ముందు టెంటు వేశారు. సారు రోజూ పొద్దున్నే అక్కడ ముందు వరుసలో కూర్చునేవారు.

నేను అప్పుడు పదో తరగతి. మా అమ్మ బీడీలు చేసేది. మా చిన్నమ్మ బిడ్డ లత అంతకు ముందటేడు పది తప్పి, చాట ఒళ్లో పెట్టుకుని అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ రోజూ నన్నొకసారి, లతనొకసారి చూసేది. పైసలున్నవాళ్లు పిల్లలను జగిత్యాలలో ట్యూషన్లలో చేర్పించారు. మాకు బడి తప్ప గతి లేదు. టెంటులో వంటావార్పూ చూసి ఇంటికొచ్చి నేను భయంతో పుస్తకం తెరిచేదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఆ సమయంలోనే ఆకాశం నుంచి ఒక గండం ఊడిపడింది. అమెరికా వాళ్ల పాత ఉపగ్రహం ఒకటి భూమి మీద పడబోతోందని టీవీలు గోల పెట్టాయి. సామేలు సారుకు జీవితంలో మొదటిసారి గిరాకీ వచ్చింది. టెంటులో మైకు ఇచ్చారు.

“దాని బరువు ఆరు టన్నులు. మన బస్సంత ఉంటది,” అన్నారు సారు.

భూమన్న లేచాడు. “బస్సులన్నీ సమ్మెల ఉన్నయి గద సారూ, గిది ఎట్ల నడుస్తున్నది?”

టెంటంతా చప్పట్లు. సారు చేయెత్తి ఆపారు. “భయపడకుండ్రి. అమెరికా సైన్యం దాన్ని కంట కనిపెట్టుకునే ఉన్నది. భూమి మీద ఎవలో ఒకలకు తగిలే అవకాశం మూడువేల రెండువందలల్ల ఒకటే.”

మేకలు కాసే ఐలమ్మ లెక్క వేసింది. “మన రాయికల్ల ఎంతమందిమి సారూ?”

“పదిహేను వేల దాకా.”

“అయితే నలుగురైదుగురు పోతరన్నట్టే గద!”

ఎవరా నలుగురు అన్న చర్చ మొదలైంది. ఐలమ్మ మేకలన్నిటినీ ఇంట్లోకి తోలింది. సిరిసిల్లలో ఉన్న బిడ్డకు ఫోను చేసి, బయటికి రావద్దని చెప్పింది. సారు తల పట్టుకుని మా వైపు చూశారు. “శైలజా, లే. గణేశ్, నువ్వు గూడ. అవకాశం అంటే ఏందో పెద్దలకు విడమర్చి చెప్పుండ్రి.”

మాకూ తెలియదు. సారు మాకు చెప్పారు, మేం వాళ్లకు చెప్పాం. మాకు అర్థమైంది. వాళ్లకు కాలేదు.

ఉపగ్రహం పసిఫిక్ సముద్రంలో పడింది. ఐలమ్మ మేకలు బయటికొచ్చాయి. కానీ సారు మైకు వదల్లేదు. రోజూ పాటలయ్యాక అరగంట అంతరిక్ష సైన్యాల ఉపన్యాసం. పదో తరగతి పిల్లలంతా ముందు కూర్చోవాలి, పెద్దలకు విడమర్చడానికి. కోరుట్ల నుంచి సిరిసిల్లకు బస్సు ఎంతసేపు, పది సెకన్లలో డెబ్బై అయిదు కిలోమీటర్లు పోయే ఉపగ్రహం ఎంతసేపు, లెక్క కట్టుకు రమ్మనేవారు. ఒకనాడు సారు భూమన్న దగ్గర లొట్టి, అంటే కల్లు కుండ, తీసుకుని అందులో నీళ్లు పోసి, తాడు కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పారు.

“సారూ, లొట్టి పైలం!”

“చుక్క పడ్డదా? పడలే. తాడు లోపలికి గుంజుతున్నది, లొట్టి గుండ్రంగ తిరుగుతున్నది. ఉపగ్రహానికి తాడు లేదు. దాన్ని భూమి గుంజుతది. అమెరికా వాళ్లు గిదే చూస్తుంటరు.”

“నా లొట్టినా?” అన్నాడు భూమన్న హడలిపోయి.

అంతలో ఎవరో ఫిర్యాదు చేశారు. సమ్మెలో ఉన్న టీచరు దొంగచాటుగా పాఠాలు చెబుతున్నాడని. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. ద్రోహి అన్న పేరు పడితే ఊళ్లో తలెత్తుకోలేరు. జగిత్యాల నుంచి సమ్మె కమిటీ మనిషి దేవేందర్ వచ్చి, చేతులు కట్టుకుని టెంటు మధ్యలో నిలబడ్డాడు. మేం తలలు వంచుకుని రాసుకుంటూనే ఉన్నాం.

“సారూ, గిది పాఠమా, ఉపన్యాసమా?”

“ఉపన్యాసం.”

“మరి పోరగాండ్లు ఎందుకు రాసుకుంటున్నరు?”

“మంచి ఉపన్యాసమైతే రాసుకోరా?”

“రష్యా, అమెరికా అంటున్నరు. గిండ్ల తెలంగాణ ఏది?”

ఆడవాళ్లలో కూర్చున్న ఊర్మిలమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. సారు మైకు అందుకున్నారు. “తమ్మీ, రష్యా అంతరిక్ష సైన్యం మొదలు వేరేగనే ఉండె. తొంభై ఏడుల రాకెట్ల సైన్యంల కలిపిండ్రు. పొసగలే. నాలుగేండ్లకు మల్ల విడదీసిండ్రు. అంత పెద్ద రష్యనే కలిపినదాన్ని విడదీయక తప్పలే!”

టెంటు దద్దరిల్లింది. “జై తెలంగాణ!” అందరికంటే గట్టిగా అరిచింది దేవేందరే. వెళ్తూ వెళ్తూ సారు చేయి పట్టుకుని, ఈ ముక్క జగిత్యాల టెంటులో కూడా చెప్పాలని బతిమాలాడు. ఆ డిసెంబరులో రష్యా దాన్ని మళ్లీ ఇంకోదానితో కలిపేసింది. సారు వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. దేవేందర్‌కు మాత్రం తెలియనివ్వలేదు.

అంతకు ముందే, అక్టోబరులో బడి తెరిచారు. మొదటి రోజే సారు పుస్తకం మధ్యలోంచి మొదలుపెట్టారు. “సార్, ముందటి పాఠాలు?” అని అడిగాను.

“అయిపోయినయి గదా.”

“ఎప్పుడు?”

సారు తన పుస్తకం నా చేతికిచ్చి, మొన్నటి లెక్క బోర్డు మీద వేయమన్నారు. పేజీలు తిప్పాను. ప్రతి పాఠం పక్కనా పెన్సిలుతో రాసి ఉంది. “వృత్తాకార చలనం. అమెరికా మీద పెట్టి చెప్పాలె.” “గురుత్వాకర్షణ. కూలుతున్న ఉపగ్రహం.” దాని కింద చిన్న అక్షరాలతో, “శైలజకు, గణేశ్‌కు సమజ్ కాలే. భూమన్న లొట్టి అడగాలె.”

నేను బోర్డు దగ్గరే నిలబడిపోయాను. “అంటే సార్... సైన్యాల ముచ్చట్లన్నీ ఉత్తయేనా? పాఠం కోసమేనా?”

సారుకు రోషం వచ్చింది. “ఉత్తయా? ఎవరన్నరు? కూసో. అసలు రష్యాల ఏమైందంటే...” గంట కొట్టేదాకా ఆపలేదు.

పరీక్షల్లో నేను పాసయ్యాను. సైన్సులో ఎ-టూ గ్రేడు. గణేశ్ కూడా గట్టెక్కాడు. ఆ సాయంత్రం అమ్మ తట్టెడు చిక్కుడుకాయలు తీసుకుని సారు ఇంటికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. దండం ఎలా పెట్టాలో, ఏమని చెప్పాలో దారంతా నన్ను అడిగింది. తీరా వాకిట్లో సారును చూడగానే అన్నీ మర్చిపోయింది. చిక్కుడుకాయలు ఊర్మిలమ్మ చేతిలో పెట్టి, చాప మీద కూర్చుని, చుట్టాల క్షేమం అడిగినట్టు అడిగింది.

“సారూ, గా అమెరికా సైన్యమోళ్లు మంచిగున్నరా?”

సారు కళ్లు మెరిశాయి. ఆయన బతుకులో ఆ మాట తనంతట తానుగా అడిగిన మొదటి మనిషి మా అమ్మ. గంటన్నర చెప్పారు. అమెరికా అయింది, ఫ్రాన్సు అయింది, ఐదేళ్ల కింద చైనా తన పాత ఉపగ్రహాన్ని తానే క్షిపణితో పేల్చుకున్న సంగతీ అయింది. ఊర్మిలమ్మ రెండుసార్లు సైగ చేసింది, పోదువులే అని. అమ్మ కదల్లేదు. ప్రతి మాటకూ ఊ కొట్టింది.

ఇంటికి వచ్చేటప్పుడు సగం దూరం దాటాం. అమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

“శైలూ, సారును అడుగుదమంటే ఆయన బాధపడ్తడేమోనని ఊకున్ననే. గా చీనోళ్లు వాళ్లదాన్ని వాళ్లే ఎందుకు కూలగొట్టుకున్నరే?”