గుమస్తాకి ఉప్పు లేని క్యారెట్

మా అమ్మమ్మను హాస్టల్ వంటింట్లో అందరూ 'కత్తి' అంటారు. కూరగాయలు తరిగే పని కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె నమ్మకం. అది నోటిని చూసి పెట్టిన పేరని చెప్పేంత ధైర్యం ఎవరికీ లేదు. నాకూ లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వంటింటి వెనక గేటు దగ్గర ఒక గోధుమరంగు కుక్క ఉండేది. వచ్చే ప్రతి బండినీ మెడ సాచి చూసి, నచ్చకపోతే ముఖం తిప్పుకునేది కాబట్టి దానికి గుమస్తా అని పేరు పడింది. పాలు దించే నా ఆటోని కూడా తనిఖీ చేయకుండా వదిలేది కాదు. హాస్టల్ సూపర్‌వైజర్ ప్యాంటు కనిపిస్తే మాత్రం ఒక్కసారైనా మొరిగేది.

దానికి అన్నంతో పాటు కాసిని కూరగాయలు ఉడికించి పెట్టేది అమ్మమ్మ. క్యారెట్ గొంతుకి అడ్డం పడకుండా చిన్న ముక్కలు చేసేది. గుమ్మడికాయకైతే తొక్కా గింజలూ తీసేసేది. పచ్చబడిన బంగాళాదుంపని గేటు దరిదాపులకి రానిచ్చేది కాదు. ఉప్పూ కారం ఊసే లేదు. ఇక ఉల్లి, వెల్లుల్లి అంటే కుక్కలకి విషమని, ఆ పొట్టు గాలికి ఎగిరి అటు పోకుండా కిటికీ మూసి మరీ తరిగేది. చిన్నప్పుడు నాకు మాడిన అన్నం పెట్టి "తిను, అరుగుతుందిలే" అన్న మనిషేనా ఈమె అని నాకు అనుమానం వచ్చేది.

ఒక ఉదయం నేను పాలు దించుతుంటే గుమస్తా తనిఖీకి రాలేదు. గోడవారగా పడుకుని ఉంది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. పక్కనే కాఫీ రంగులో మూత్రం.

సూపర్‌వైజర్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"నేను చెప్తూనే ఉన్నా కదా పెద్దమ్మా, కుక్కకి కూరగాయలేంటని? ఇది ఇక్కడే చస్తే నా ఉద్యోగం పోతుంది. రేపు కుక్కల బండిని పిలుస్తున్నా."

"పిలువు నాయనా. కాస్త పెద్ద బండి పంపమను. నేనూ ఎక్కుతా."

గుమస్తాని పాత గోనెసంచి మీద వేసి నా ఆటోలోనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ కళ్లూ చిగుళ్లూ చూసి, "ఉల్లిపాయ తిన్నదా?" అంది.

అమ్మమ్మ లేచి నిలబడింది. "ఏమన్నావమ్మా? నా చేత్తో ఒక్క ముక్క పెట్టలేదు!"

"ముక్క సరే, ఉల్లి ఉడికించిన నీళ్లు?"

అమ్మమ్మ మళ్లీ కూర్చుండిపోయింది. ఆ నోరు మూతపడటం నేను చూడటం అదే మొదలు.

ఆ వంటింట్లో వేడినీళ్లు పారబోయరు. గ్యాస్ దండగని ఒక కూర ఉడికిన నీళ్లలోనే ఇంకో కూర వేస్తారు. ఉల్లిపాయలు వేయించడం మానేసి, ఉడికించి నూరడం ఈమధ్యే మొదలుపెట్టారు. పొయ్యి మీద మరుగుతున్న ఆ నీళ్లలోనే అమ్మమ్మ రోజూ గుమస్తా క్యారెట్ వేసింది. కిటికీ మూసింది, పొట్టు ఏరింది, నీళ్ల సంగతి మాత్రం తట్టలేదు.

డాక్టరమ్మ సూది వేసి, వేళకే తెచ్చారు, కోలుకుంటుందని చెప్పింది. కూరగాయలు కొంచెంగా పెట్టొచ్చు, నీళ్లు మాత్రం మార్చమంది.

తిరిగి వస్తుంటే అమ్మమ్మ గొణిగింది. "ఉల్లి తరిగి తరిగి నా ముక్కు చచ్చిందిరా. లేకపోతే వాసన పట్టేదాన్ని."

"పోనీ, ఈ కుక్క గొడవ మానేయరాదూ?"

"తప్పు చేసింది నేనైతే కుక్కల బండి ఎక్కేది అదా? నోరు మూసుకుని బండి నడుపు."

మర్నాడు కుక్కల బండి నిజంగానే వచ్చింది. అమ్మమ్మ కత్తినీ చెక్కనీ సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది. వెళ్లి వెనక గేటుకి అడ్డంగా, గుమస్తా పక్కన చతికిలబడింది.

"లే పెద్దమ్మా, పిల్లల భోజనం వేళవుతోంది. తరిగేదెవరు?"

"కత్తి నీ బల్ల మీదే ఉంది. చేతులూ ఉన్నాయిగా."

"దానికి జబ్బు తెప్పించింది నువ్వే కదా!"

"అవును, నేనే. ఉల్లి నీళ్లు పోసి చంపబోయాను. ఊరంతా విననీ. బాగుచేసేదీ నేనే. అది తిరిగి నీ ప్యాంటు చూసి మొరిగేదాకా ఇక్కణ్ణించి కదలను."

లోపల వంటవాళ్లు గరిటెలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. ఒకడు ఉల్లిపాయ కోయబోయి వేలు కోసుకున్నాడు. బండివాడు కాసేపు చూసి, "పెద్దావిడని కూడా ఎక్కించమంటే నావల్ల కాదు సార్" అని వెళ్లిపోయాడు.

సూపర్‌వైజర్ తలపట్టుకున్నాడు. "సరే, ఉండనీ. కానీ హాస్టల్ గిన్నెలు ముట్టుకోవద్దు."

"నీ గిన్నెలు నాకెందుకు? ఉల్లి కంపు!"

ఆ సాయంత్రమే తాతయ్య గడ్డానికి నీళ్లు కాచుకునే గిన్నె ఇంటినుంచి వంటింటికి వచ్చేసింది. తాతయ్య అప్పట్నుంచి చన్నీళ్లతో గీసుకుంటున్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

గుమస్తా లేచి తిరగడం మొదలుపెట్టాక, ఓ రోజు సూపర్‌వైజర్ ఆ గిన్నెలో వేలు పెట్టి క్యారెట్ ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు చాల్లేదు పెద్దమ్మా."

"అది నీకు వండలేదు నాయనా," అంది అమ్మమ్మ. "చెయ్యి తియ్. గుమస్తా చూస్తోంది."

గుమస్తా నిజంగానే చూస్తోంది. మెడ సాచి అతని ప్యాంటు వాసన చూసి, ముఖం తిప్పుకుని, ఒక్కసారి మొరిగింది.