తమ్ముడి వంతు

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా అన్నం గిన్నె మూత తియ్యరు. చాప పరుచుకుని, అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టి, ఒకరి తర్వాత ఒకరం పైకి ప్రార్థన చేస్తాం. మొదట తమ్ముడు, తర్వాత నేను, అమ్మ, చివర నాయన. చేసేవాళ్లు దేవుడితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు; ఒకరు చేస్తుంటే ఇంకొకరు నోరు విప్పకూడదు, లేచిపోకూడదు. ఈ నియమం పెట్టింది నాయనే. దాన్ని బాగా వాడుకున్నది మాత్రం అమ్మ.

నాయనతో ముఖాముఖి అంటే గొడవయ్యే మాటలన్నీ అమ్మ దేవుడితో చెప్పేది.

"ప్రభువా, గీ ఇంట్ల ఒకాయన బీపీ గోలీలు ఏసుకుంటలేడు. అడిగితే నా మీదికే లేస్తుండు. నువ్వన్న జెర చెప్పు."

నాయన కళ్లు మూసుకునే పళ్లు నూరేవాడు. ఆమేన్ అనక తప్పేది కాదు. తర్వాత బుద్ధిగా గోలీ వేసుకునేవాడు. మా ఇంటి తగాదాలు సగం అలా చాప మీదే తెగిపోయాయి.

తెగనిది తమ్ముడిది. పోయిన వానాకాలం, సరిగ్గా కలుపు పనుల మధ్యలో, వాడు కంది చేను వదిలి హైదరాబాద్‌లో బిల్డింగుల సెంట్రింగు పనికి బయలుదేరాడు. వాన కోసం మొగులు వైపు చూస్తూ ఎన్నాళ్లు కూర్చోవాలన్నది వాడి బాధ.

"చేను నడిమిట్ల ఇడిసిపెట్టి పోతున్నవ్. ఇగ నాతోని మాట్లాడకు," అన్నాడు నాయన.

వాడూ తక్కువ తినలేదు. "మాట్లాడ, పో," అని బస్సెక్కాడు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

ఆ సాయంత్రం చాప మీద ముగ్గురమే. నేను ప్రార్థన మొదలుపెట్టబోయాను.

"ఆగు," అన్నాడు నాయన. "వాని వంతు కానియ్యి."

మనిషే లేడు, వంతేంటి? అయినా ఆగాం. వాడి ప్రార్థన ఎంతసేపు పడుతుందో మాకు తెలుసు. ఆకలి మీద ఉండేవాడేమో, ఎక్స్‌ప్రెస్ బస్సులా ఎక్కడా ఆగకుండా చదివేసేవాడు. అంతసేపూ చప్పుడు లేకుండా కూర్చున్నాం. అప్పుడు, "ఇగ నువ్వు చెయ్," అన్నాడు నాతో.

మర్నాడూ అంతే. వారాలు గడిచినా అంతే. ఫోన్‌లో వాడి గొంతు వినిపిస్తే బయటికి వెళ్లిపోయే మనిషి, చాప మీద వాడి వంతు మాత్రం ఎవర్నీ ముట్టనియ్యలేదు. నాకు ఒళ్లు మండేది, జాలీ వేసేది. చివరికి ఉండబట్టలేక, ఖేడ్ బస్టాండ్ దగ్గర నేను పనిచేసే బట్టల దుకాణం నుంచి తమ్ముడికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. వాడు విని పెట్టేశాడు.

ఆ సాయంత్రం వాడి వంతులో మేం మౌనంగా ఉన్నప్పుడు అమ్మ ఫోన్ మోగింది. అమ్మ స్పీకర్ నొక్కి చాప మీద పెట్టింది. వాడు ఎవర్నీ పలకరించలేదు, నేరుగా మొదలుపెట్టాడు.

"ప్రభువా, మా నాయన మోకాళ్ల నొప్పి తగ్గియ్యి. కందికి పురుగు పట్టిందని అక్క చెప్పింది. ఐతారం నేనొచ్చి మందు కొడ్త. నాయన రానిస్తడో లేదో నువ్వే అడుగు. ఆమేన్."

ప్రార్థనలోంచి లేచిపోవడానికి లేదు కాబట్టి నాయన కూర్చునే ఉన్నాడు. నేనేం ప్రార్థించానో నాకే తెలియదు. అమ్మ "ప్రభువా" అని, వెంటనే "ఆమేన్" అనేసింది. నాయన వంతు వచ్చింది.

మా అందరిలో పొట్టి ప్రార్థన ఆయనదే. ఆ రోజు మాత్రం వానతో మొదలుపెట్టి, చేను, ఎడ్లు, పక్కింటి ముసలమ్మ దగ్గు దాకా అన్నీ ప్రభువుకు అప్పగించాడు. ఇక మిగిలింది ఒక్కడే.

"ప్రభువా, వాడు గా పెద్ద బిల్డింగుల మీదికి ఎక్కుతుండట. పైలంగ చూడు. ఆడ బువ్వ తింటుండో లేదో..."

ఫోన్‌లో ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"తింటున్నవా రా?" అన్నాడు నాయన.

దేవుడితో అన్న మాట కాదది. తను పెట్టిన నియమం తనే తప్పాడు, అదీ కళ్లు మూసుకునే.

"తింటున్న నాయనా."

"ఐతారం పొద్దుగాల బస్సుకే రా. ఎండెక్కితే మందు కొట్టుడు కాదు."

ఆ తర్వాత ఏ పురుగుకు ఏ మందన్న దాని మీద ఇద్దరూ వాదులాట మొదలుపెట్టారు. అమ్మ ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి అన్నం గిన్నె మూత తీసింది. మా ఇంట్లో నాయన ఆమేన్ అనకముందే అన్నం వడ్డించింది ఆ ఒక్క రోజే.