పోయిందా, తీశారా?

మనవడి సెల్‌ఫోను ఛార్జరు గోడకి ఊరికే వేలాడుతోంది, తీసి పక్కన పెడదామని నిన్న పొద్దున్న పట్టుకున్నాను. వెచ్చగా తగిలింది. అప్పుడే పెట్టిన కోడిగుడ్డు అరచేతిలోకి తీసుకున్నట్టుంది. దానికి తోడు కాగిన ప్లాస్టిక్కు వాసన. దాన్ని పట్టుకుని అక్కడే కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ చూసి, "ఏవండీ, షాకు గానీ కొట్టిందా?" అంది. ముప్ఫయ్యేళ్ళు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసినవాణ్ణి ఛార్జరు షాకు కొట్టడమేమిటి! నాకు గుర్తొచ్చింది రాహేలు టీచరు గారింట్లోని ఒక అడాప్టరు.

ఆవిడ గురించి చెప్పే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ట్యాంకుల వీడియో గేములో అరవై ఎనిమిది వేల నాలుగు వందలు కొట్టిన మొనగాడు ఏలూరు మొత్తం మీద ఒక్కడే. వాడు నేనే. అంతేకాదు, ఒకసారి మా వీధికి పదకొండు రోజులపాటు రెప్పపాటు కూడా కరెంటు పోకుండా ఒంటిచేత్తో కాపాడాను. ఈ రెండు సంగతులూ పెదపాడు నుంచి తాడేపల్లిగూడెం దాకా నా నోట విననివాళ్ళు లేరు.

రాహేలు టీచరు గారిది మా పక్కిల్లు. మిషను స్కూల్లో తెలుగు చెప్పేవారు. భర్త చాలా కాలం కిందటే పోయాడు. ఇద్దరాడపిల్లలు, ఎస్తేరు, గ్రేసు. గ్రేసుకి ఏడెనిమిదేళ్ళున్నప్పుడు, అంటే తొంభైల మధ్యలో, ఇంటింటికీ వీడియో గేముల పిచ్చి పట్టిన రోజుల్లో, ఆవిడ ఒక పెట్టె కొన్నారు. టీవీకి తగిలించి, పైన క్యాసెట్టు గుచ్చి ఆడాలి. క్యాసెట్లు ఎన్ని ఉన్నా గ్రేసుకి ట్యాంకుల ఆటే ప్రాణం. ఇటుక గోడల మధ్య చిన్న ట్యాంకులు తిరుగుతూ కాల్చుకుంటూ ఉంటాయి. కింద నడిమధ్యన ఒక పిట్ట బొమ్మ. దానికి దెబ్బ తగలకుండా కాచుకోవాలి. వాళ్ళ అమ్మమ్మగారిది కొల్లేటి లంక గ్రామం. అందుకని గ్రేసు దానికి కొల్లేటి పిట్ట అని పేరు పెట్టింది.

నా చిన్నతనం నాకు నలభయ్యో ఏట ఆ ఇంట్లో వచ్చింది. మొదట్లో నా పని ఊదడం. క్యాసెట్టులో దుమ్ము చేరితే బొమ్మ రాదు. నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదాలి. గ్రేసు గోడ మీంచి కేకేసేది.

"బాబాయి గారూ, ఒక్కసారి వచ్చి ఊదరాండి?"

"నీకు ఊపిరి లేదుటే?"

"గొప్పలు చెప్పీ చెప్పీ మీకు ఊపిరి బాగా పెరిగిందంటండి. అమ్మ చెప్పింది."

లోపల కాంపోజిషను పుస్తకాలు దిద్దుకుంటున్న టీచరు గారు తలెత్తకుండానే, "నేను ఊపిరి అనలేదే, గాలి అన్నాను" అనేవారు.

గ్రేసుకి పద్నాలుగో ఏడు. కొత్త శతాబ్దం వచ్చి ఒకటి రెండేళ్ళయింది. లంకకి వెళ్ళొచ్చి జ్వరంతో పడింది. కామెర్లు అన్నారు. ఆసుపత్రికి ఆటో వచ్చి గుమ్మంలో ఆగే సమయానికి కూడా దుప్పటి కప్పుకుని ఆడుతూనే ఉంది. ఆ పూటే కొట్టింది అరవై ఎనిమిది వేల నాలుగు వందలు. అవును, నేను కాదు, ఆ పిల్ల. ఆ పెట్టెలో ఒక చిక్కుంది. అందరికన్నా పెద్ద స్కోరు తెర మీద పైన నిలిచి ఉంటుంది గానీ, పెట్టె ఆపితే చెరిగిపోతుంది. నేనే ఆ పిల్లని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాను. "అమ్మా, ఆపకమ్మా. అక్క చూడాలి. చూశాక ఆపుదాం" అంది. ఎస్తేరు అప్పుడు తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుతోంది.

మూడో రోజున గ్రేసుని తిరిగి తీసుకొచ్చారు. ఆ డిసెంబరులో మా వీధిలో చర్చికి వెళ్ళే ప్రతి ఇంటి మీదా కాగితపు నక్షత్రం వెలిగింది, ఆ ఒక్క ఇంటి మీద తప్ప. ఆ ఇంట్లో వెలుగుతున్నది ఆ పెట్టె ఒక్కటే. టీవీ కట్టేసి పైన గుడ్డ కప్పారు గానీ, పెట్టె మాత్రం ఆపలేదు. సమాధి దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం టీచరు గారు గోడ దగ్గరికొచ్చారు. అన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే.

"రామ్మూర్తి గారూ, కొన్నాళ్ళు మా వీధికి కరెంటు పోకుండా చూడగలరా?"

"నేనుండగా పోదండీ టీచరు గారూ" అన్నాను, ట్రాన్స్‌ఫార్మరు నా జేబులో ఉన్నట్టు.

నిజానికి అది కోతలు లేని కాలం. నేను చేసిందేమీ లేదు. పదకొండు రోజులూ కాదు, పిల్ల ఆసుపత్రికి వెళ్ళింది మొదలు లెక్కేసినా ఆరు. రోజూ డ్యూటీకి వెళ్తూ వాళ్ళ ముందు గదిలోకి తొంగిచూసి, ఆ పెట్టె అడాప్టరు మీద చెయ్యి వేసి, వెచ్చగా ఉందని చూసి వెళ్ళేవాణ్ణి. ఆవిడ ఆ పక్కనే చాప మీద కూర్చుని ఉండేవారు.

ఏడో రోజున తెల్లారగట్లే కబురొచ్చింది. వీధి చివర స్తంభం మీద జంపరు తీగ నిప్పులు కక్కుతోందని. పరుగెత్తాను. అలవాటు ప్రకారం ట్రాన్స్‌ఫార్మరు దగ్గర స్విచ్ లాగేశాను, నిచ్చెన వేశాను, ఎక్కాను. పైకెక్కి బెల్టు బిగించుకుంటుంటే, కింద టీచరు గారింటి పెంకులు కనబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఎలా దిగానో తెలియదు. ఆ ఇంట్లోకి పోయి అడాప్టరు మీద చెయ్యి వేశాను. రాయిలా చల్లగా ఉంది.

ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వెనకాల ఎస్తేరు.

"టీచరు గారండీ, కరెంటు పోయిందండి. మెయిన్ లైన్లో ఏదో ఫాల్టు" అన్నాను.

"పోయిందా, తీశారా?"

"పోయిందండి."

ఆవిడ నా మొహంలోకి చూశారు. పిల్లల పుస్తకంలో తప్పు కనబడినా ఎర్ర సిరా పెట్టకుండా పేజీ తిప్పేసినట్టు, చూపు తిప్పుకున్నారు. "పోయింది అంటే కర్త కనబడడు రామ్మూర్తి గారూ. మన భాషలో అదొక సౌకర్యం" అన్నారు. లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చారు.

ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు వెళ్ళి, "ఒక ఆట ఆడుకుంటానండి" అని కూర్చునేవాణ్ణి. నా ఉద్దేశం ఏమిటంటే, ఎలాగోలా అరవై ఎనిమిది వేల నాలుగు వందలు కొట్టి, మళ్ళీ ఆ అంకె తెర మీద నిలబెట్టాలని. లైన్లు లాగే చేతులు అవి, ఆ చిన్న మీటలకి లొంగవు. ఆవిడ పుస్తకాలు దిద్దుకుంటూనే, "ఎడమ పక్క గోడ చూసుకోండి. పిట్ట మీదికొస్తున్నారు" అనేవారు. చూసేలోపే పిట్ట పోయేది. "ఎవరు చంపారు?" అనేవారు. "నేనేనండి. నా తూటాయే తగిలింది" అనేవాణ్ణి. అప్పుడు మాత్రం చిన్నగా నవ్వేవారు. ఏళ్ళ తరబడి ఆడాను. ఇరవై వేలు దాటలేదు. ఊళ్ళో మాత్రం ఆ పెద్ద అంకె నాదని చెప్పుకున్నాను. ఎందుకో, ఎవరో ఒకరు చెప్పుకోకపోతే అది ఉన్నట్టే తెలియదనిపించేది.

కానీ ఒకటి మాత్రం గొప్ప కాదు. ఆ రోజు మొదలు రిటైరయ్యేదాకా, చెప్పకుండా ఒక్క స్విచ్ లాగలేదు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తలుపులు తట్టి, "కరెంటు తీస్తున్నానండోయ్, నేనే తీస్తున్నాను" అని చెప్పి తీసేవాణ్ణి. మా ఇంజినీరు, "ఏవయ్యా, పెళ్ళి పిలుపులా ఇవి?" అని తిట్టేవాడు. ఇప్పటికీ మా ఇంట్లో లైటు కట్టేసేటప్పుడు కూడా, "తీస్తున్నాను" అనకుండా చెయ్యి స్విచ్ మీదికి పోదు. మా ఆవిడకి అలవాటైపోయింది.

టీచరు గారు నిరుడు పోయారు. ఈ మాట పోయారనే రాస్తున్నాను, తీసుకెళ్ళింది ఎవరో ఆవిడకే తెలియాలి. ఇల్లు ఖాళీ చేయడానికి ఎస్తేరు గూడెం నుంచి వచ్చింది. తనూ అక్కడ టీచరే. ఆ పెట్టె నా చేతిలో పెట్టి, "మీరే ఉంచుకోండి బాబాయి గారూ" అంది. నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడకి బతికుండగా చెప్పలేనిది ఆ పిల్లకి చెప్పేశాను. కరెంటు పోలేదమ్మా, నేనే తీశాను, పది నిమిషాల్లో వచ్చి ముట్టుకుంటే అడాప్టరు రాయిలా చల్లబడిపోయింది, మీ చెల్లెలి అంకె చెరిపేసింది నేనేనమ్మా అని.

ఎస్తేరు పాత పుస్తకాలు కట్టగడుతున్నదల్లా ఆగింది.

"హాస్టల్ నుంచి వచ్చాక నాకు టీవీ వేసి చూసే ధైర్యం చాలలేదండి. మీరు తీసిన రోజు తెల్లారగట్ల మూడింటికి వేసి చూశాను. 'అక్క చూసింది కదమ్మా, ఇక చాలు' అని అమ్మే ఆపేసింది. అప్పటికింకా మీరు నిద్ర కూడా లేచి ఉండరు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు ముందు చెబుతారని చూసిందండి. రోజూ వచ్చి కూర్చునేవారు కదా, ఇవాళ చెబుతారేమో, ఇవాళ చెబుతారేమో అనుకునేది." తాడు ముడి బిగించి, మళ్ళీ అంది. "అయినా ముప్ఫయ్యేళ్ళ సర్వీసు కదండీ మీది, అడాప్టరు పది నిమిషాల్లో రాయిలా చల్లబడుతుందా? ఇందులో కూడా కర్త మీరేనా బాబాయి గారూ? అమ్మండీ, అమ్మ."