అంజూరం నిద్ర

జెర్సీ సిటీ వెళ్లే రైల్లో, ఆకులన్నీ రాలిన నా అంజూరం కుండీని ఒళ్లో పెట్టుకుని, బతుకుతుందో లేదోనని బెంగగా కూర్చున్నాను. పక్కసీట్లోని తెలుగు పెద్దావిడ, నన్ను అడగనైనా అడక్కుండా, కొమ్మని గోటితో గీరింది.

"మొక్కని గిల్లుతారేంటండీ?" అన్నాను.

"లోపల పచ్చగానే ఉందయ్యా. చలికాలం నిద్రపోతుందిది. ఇంట్లో ఎక్కడ పెట్టావు?"

"హీటర్ పక్కన. రోజూ నీళ్లు పోస్తున్నాను."

"నిద్రపోయేవాణ్ణి లేపి అన్నం కుక్కుతావా? చల్లటి గరాజ్‌లో పడేసి, నీళ్లు బాగా తగ్గించు!"

బోగీ అంతా వినేలా అంది. ఇద్దరు తెలుగు కుర్రాళ్లు నవ్వారు కూడా. నాలుగేళ్లయినా ఆ అవమానం మర్చిపోలేదు. ఏటా చలి మొదలవగానే ఆవిణ్ణి తిట్టుకుంటూనే కుండీని గరాజ్‌లోకి మోస్తాను.

ఆగస్టులో పళ్లు పంచేటప్పుడు, ఎలా పెంచారని అడిగితే మాత్రం, నేనే కనిపెట్టానంటాను.