సార్జెంట్ ఊరికే ఇస్తానన్న పిస్టల్

గుట్ట మీదికి చేరేసరికి ఉదయం ఐదు నలభై. అప్పటికే తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్. ఆరిజోనా దక్షిణపు కొస, సరిహద్దు కంచెకి రెండు మైళ్ళు ఇవతల. రెండువేల పది, ఆగస్టు. మామూలు రోజుల్లో ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుంటూ, పిలుపు వచ్చినప్పుడు యూనిఫాం వేసుకునే దళం మాది. ఈసారి ఏడాదిపాటు సరిహద్దు మీద నిఘాకి పిలిచారు.

మేముండే చాండ్లర్‌లో తెలుగు అంకుల్స్ ఇప్పటికీ అడుగుతుంటారు, యుద్ధం ఎలా ఉంటుంది బాబూ అని. యుద్ధం కాదంకుల్, మన ఇంటికి మూడు గంటల డ్రైవ్ అంటే వాళ్ళ మొహాల్లో ఉత్సాహం చప్పబడిపోతుంది. అందుకే ఈ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

పోస్టు అంటే నాలుగు ఇనప గొట్టాలు, పైన వల, కింద మూడు కుర్చీలు. ట్రైపాడ్ మీద పెద్ద బైనాక్యులర్స్. ఒక రేడియో, చూసింది గంటగంటకీ రాసే ఒక లాగ్ పుస్తకం, పది గాలన్ల నీళ్ళు. ఒంటి మీద ముప్పై పౌండ్ల కవచం, ఒళ్ళో రైఫిల్. డ్యూటీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. సోమవారం నుంచి గురువారం దాకా గుట్ట, శుక్రవారం పొద్దున్నే ఇంటికి. ఆర్డరు మూడు ముక్కలు. చూడండి. చెప్పండి. కదలకండి. కంచె దాటి వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మా పని కాదు. దానికి సరిహద్దు పోలీసులు వేరే ఉన్నారు.

పోస్టులో ముగ్గురం: సార్జెంట్, డ్రైవర్, నేను. డ్రైవర్ ఇరవై రెండేళ్ళ అమ్మాయి, ఎండని తిట్టకుండా ఒక్క మాటా మొదలుపెట్టేది కాదు. సార్జెంట్ నలభై దాటినవాడు. ఇంటిదగ్గర ఒక చిన్న ఊళ్ళో పోలీసు. నా ఇంటిపేరు వెలగపూడి. దళమంతా 'వీ' అని కుదించేసింది. సార్జెంట్ ఒక్కడే మొత్తం పలికేవాడు, ప్రతిసారీ మధ్యలో ఒక అక్షరం మింగేస్తూ.

సెప్టెంబరులో ఒక గురువారం, పదకొండూ పదికి, బైనాక్యులర్స్‌లో ఒక మనిషి కనిపించాడు. మైలుంపావు దూరం. ముళ్ళచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నారింజ రంగు చొక్కా. సార్జెంట్ రేడియో అందుకున్నాడు.

"ఒక్క మనిషి. నడవలేకపోతున్నాడు. నీళ్ళు కావాలి."

"విన్నాం. బండి పంపిస్తున్నాం. మీరు అక్కడే ఉండండి."

పన్నెండూ ఇరవైకి మళ్ళీ పిలిచాడు. "మా దగ్గర నీళ్ళున్నాయి. నేను దిగి ఇచ్చి వచ్చేస్తాను."

"వద్దు. పోస్టు వదలకండి."

బండి రెండు నలభై ఐదుకి వచ్చింది. అప్పటికి ఆ మనిషి పక్కకి ఒరిగిపోయి, కదలిక ఆగి గంటయింది. సార్జెంట్ లాగ్‌లో టైము రాశాడు. రాశాక చాలాసేపు పెన్నుకి మూత పెట్టలేదు.

ఆ తర్వాత ఆయన మాట తగ్గిపోయింది. లంచ్ బాక్సు మూత తియ్యకుండానే వెనక్కి వెళ్ళేది. ఒకరోజు డ్రైవర్ నాతో అంది, "సార్జ్ నిద్రపోవట్లేదు. కళ్ళు చూశావా?"

"ఎండకి అలాగే ఉంటాయిలే," అన్నాను నేను.

రెండు మైళ్ళ దూరంలో కుందేలు కదిలినా చూసి చెప్పే ఉద్యోగం నాది. పక్క కుర్చీలో మనిషి సంగతి మాత్రం ఎండ మీదికి తోసేశాను.

అక్టోబరులో ఆయన నాకు పిస్టల్ సంగతి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పోలీసులందరికీ కొత్త పిస్టల్స్ ఇచ్చారట. పాతవాటిని ఎవరిది వాళ్ళు తక్కువ ధరకి కొనుక్కోవచ్చన్నారట. ఆయన తనది కొనుక్కున్నాడు. పదకొండేళ్ళు నడుముకి వేలాడినది, మనిషి మీద ఒక్కసారీ పేల్చనిది.

"నువ్వు ఒకటి కొనాలంటున్నావుగా. నేను కొన్న రేటుకంటే తగ్గించి ఇస్తాను."

నిజంగానే ఏడాదిగా చూస్తున్నాను. కొత్తది కొనాలంటే నా జేబు ఒప్పుకోవడం లేదు. "షాపు వాళ్ళకి ఇవ్వలేదేం?" అని అడిగాను.

"తెలిసినవాళ్ళ దగ్గర ఉంటే బాగుంటుంది," అన్నాడు.

పోలీసువాడు, పాత సరుకు మీద మమకారం అనుకున్నాను.

ఆ శనివారం చాండ్లర్‌లో మా ఇంటికి తెచ్చి చూపించాడు. డైనింగ్ టేబుల్ మీద నల్లటి ప్లాస్టిక్ పెట్టె. పిస్టల్ ఖాళీగా ఉందని ఆయన చూసి, నాకు చూపించి, మళ్ళీ నన్నూ చూసుకోమన్నాడు. చేతికి సరిగ్గా కుదిరింది. నాకు అప్పుడే నచ్చేసింది. అమ్మ జంతికల ప్లేటు తెచ్చి, పెట్టెని చూసి, ప్లేటు దూరంగా పెట్టింది.

"నాకైతే ఇంట్లో అది వద్దు నాన్నా," అంది.

మా నాన్న కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కార్లు అమ్మే సేల్స్‌మన్‌ని మూడు గంటలు కూర్చోబెట్టి, ఫ్లోర్ మ్యాట్లు కూడా ఊరికే రాబట్టిన మనిషి. కళ్ళజోడు సవరించుకుని పిస్టల్ అటూ ఇటూ చూశాడు. తర్వాత మొహంలో చిరునవ్వు చెదరకుండా, నాతో తెలుగులో మొదలుపెట్టాడు.

"ఒరేయ్, నచ్చినట్టు కనబడకు. అంచులు చూడు, ఫినిషింగ్ మొత్తం పోయింది. టూ వీక్స్ వెయిట్ చెయ్యి. వాడే దిగొస్తాడు."

సార్జెంట్ ఎదురుగా నిలబడి మర్యాదగా నవ్వుతున్నాడు. "నాన్నగారు ఏమంటున్నారు?"

"ఆలోచించుకోమంటున్నారు."

"తప్పకుండా," అన్నాడు. పెట్టె మూసి చంకలో పెట్టుకున్నాడు. నేను కారు దాకా వెళ్ళి సాగనంపాను. ఆయన డోరు తీసి, కూర్చోకుండా ఒక్క క్షణం ఆగాడు. "ఈరోజే ఉంచేసుకున్నా ఫరవాలేదు. డబ్బు తర్వాత ఇవ్వొచ్చు," అన్నాడు. చూద్దాం సార్జెంట్ అన్నాను. ఆయన వెళ్ళాక నాన్న నా భుజం తట్టాడు. "చూశావా, అప్పుడే మెత్తబడ్డాడు."

తరువాతి వారం గుట్ట మీద నేను పిస్టల్ మాటెత్తలేదు. మౌనంగా ఉండటమే బేరం అని నాన్న ఫోన్‌లో గుర్తుచేశాడు. మంగళవారం తొమ్మిదిన్నరకి, బైనాక్యులర్స్‌లోంచి కళ్ళు తియ్యకుండానే, సార్జెంట్ ఇంకొంచెం తగ్గించాడు. బుధవారం ఇంకొంచెం. నేను రెండుసార్లూ ఆలోచిస్తానన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల పొంగిపోయాను. నా జన్మలో నేను గెలిచిన మొదటి బేరం అది.

గురువారం నాలుగింటికి ఆయన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు.

"వెలగపూడీ, డబ్బేం వద్దు. రేపు దారిలో మా ఊరి ఎగ్జిట్ దగ్గర హైవే దిగు. ఎగ్జిట్ నుంచి మూడు నిమిషాలు. పట్టుకెళ్ళిపో."

"అయ్యో, వద్దు సార్జెంట్. ఊరికే ఎలా తీసుకుంటాను?"

మా ఇళ్ళలో ఊరికే ఇచ్చేదాన్ని మొదటిసారి వద్దనాలి. ఇచ్చేవాళ్ళు బతిమాలాలి. రెండోసారి మొహమాటపడాలి. మూడోసారికి చెయ్యి చాచాలి. కూరైనా చీరైనా అంతే. ఇక్కడ పెరిగినా నాకు ఆ వరస ఒంటబట్టింది. ఆయన రెండోసారి అంటాడని చూస్తున్నాను.

"సరే," అన్నాడు ఆయన. కుర్చీ మళ్ళీ కంచెవైపు తిప్పుకున్నాడు.

నాకు కాస్త నిరాశ అనిపించింది. ఇంకొక్కసారి అంటే తీసుకునేవాణ్ణి కదా అని విసుక్కున్నాను కూడా. శుక్రవారం పదకొండింటికి ఆ ఎగ్జిట్ వచ్చింది. ఇండికేటర్ వేశాను. వద్దన్నవాణ్ణి వెళ్ళి తలుపు తడితే ఏం బాగుంటుంది అనిపించింది. ఆదివారం ఫోన్ చేసి, సగం రేటైనా ఇచ్చి, పరువుగా తెచ్చుకుందామనుకున్నాను. ఇండికేటర్ తీసేసి ముందుకి పోయాను.

సోమవారం ఐదున్నరకి మా లెఫ్టినెంట్ అందరినీ వరసలో నిలబెట్టి చెప్పాడు. సార్జెంట్ శనివారం తన ఇంట్లో, ఆ పిస్టల్‌తోనే, ప్రాణం తీసుకున్నాడు. డ్రైవర్ నావైపు తిరిగింది. ఆరు గంటలకి మేమిద్దరం, కొత్త సార్జెంటు, గుట్ట ఎక్కాం. ఆ రోజు లాగ్ నేనే రాశాను. ఎవరూ కనబడలేదని పన్నెండుసార్లు రాశాను.

ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. "నేనేరా నీకు వెయిట్ చెయ్యమని చెప్పింది," అన్నాడు. కాదు నాన్నా అన్నాను. మా ఇంట్లో మళ్ళీ ఎవరూ దేనికీ బేరం ఆడగా నేను వినలేదు.

మరుసటి జూలైలో డ్యూటీ ముగిసింది. మా డ్రిల్ హాల్లో చిన్న సభ. రంగు కాగితాలు, కేకు, కుటుంబాలు. సార్జెంట్ భార్యని కూడా పిలిచారు. ఆమె వరసలో ఒక్కొక్కరికీ చెయ్యి ఇస్తూ వచ్చి, నా గుండె మీది పేరు పట్టీ చూసి ఆగింది. నా పేరుని ఆయన పలికినట్టే పలికింది, అదే అక్షరం మింగేసి.

నేను క్షమించమన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

"ఇంట్లో తుపాకీ ఉంచొద్దని డాక్టర్ చెప్పాడు," అంది. "షాపుకి ఇచ్చెయ్యమన్నాను. అతనేమో, నీ దగ్గరుంటే తను బాగయ్యాక మళ్ళీ అడిగి తెచ్చుకోవచ్చన్నాడు. నీకది తెలియదు. అతను నీకు చెప్పలేదు. చెప్పాల్సింది."

నేను వద్దన్న సంగతి ఆమెకి తెలుసా అని అడిగాను.

"తెలుసు. గురువారమే ఫోన్‌లో చెప్పాడు. అయినా శుక్రవారం ఇంటికి రాగానే గరాజ్ తలుపు ఎత్తి మడత కుర్చీ వేసుకున్నాడు. ఎండగా ఉంది, లోపలికి రమ్మన్నాను. ఆ కుర్రాడు మనసు మార్చుకుంటే ఇల్లు తెలియాలి కదా అన్నాడు. ఐదింటిదాకా కూర్చున్నాడు."

నేను ఆ ఇల్లు ఎన్నడూ చూడలేదు. అయినా రోజూ చూస్తున్నాను. మధ్యాహ్నపు ఎండలో ఎత్తి ఉంచిన గరాజ్ తలుపు. మడత కుర్చీలో యూనిఫాం ఇంకా మార్చుకోని మనిషి. ఒళ్ళో నల్లటి పెట్టె. వీధి మలుపులో ఏ కారు తిరిగినా ఆయన కుర్చీలోంచి కొద్దిగా లేస్తాడు.