సీసాల గిర్ని

"సీసాలు ఎవరు కడుగుతారమ్మా?" అని పిల్లల డాక్టరు అడిగిన రోజు నుంచి మా ఇంట్లో నేను ఎవరినీ నమ్మలేదు.

అప్పటికే పాపకు విరేచనాలు మొదలై చాలా రోజులైంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టుకునేవి. ఉబ్బినట్టుండే బుగ్గలు జారిపోయాయి. నెల కిందట బిగుతుగా ఉన్న గౌను భుజం మీంచి జారుతోంది. ఇంకోసారి బరువు తగ్గితే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందేనన్నాడు డాక్టరు. ఆ వేలెడంత చేతిలో సూదికి నరం ఎక్కడ వెతుకుతారో అనుకుంటూ తలూపాను. తర్వాతే ఆయన సీసాల సంగతి అడిగాడు.

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నా పని. అంతా బాగానే నడుస్తోందని ఎవరైనా అంటే నాకు ముందు వచ్చేది అనుమానం. ఆఫీసులో ఈ బుద్ధికి జీతమిస్తారు. ఇంట్లో దీన్ని జబ్బంటారు.

పాప పుట్టిన సెలవులు అయిపోయి నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక ఇంటి ఏర్పాటు ఇదీ: పొద్దున్నే పాలు పిండి సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. ఆఫీసులో తల్లుల కోసం కేటాయించిన చిన్న గదిలో కూర్చుని మళ్లీ పిండి, ఐస్ ప్యాకుల సంచిలో సాయంత్రం ఇంటికి తెస్తాను. పగలంతా పాపను చూసుకునేది మా అత్తయ్య, ఆయమ్మ. అత్తయ్యది పశ్చిమ గోదావరి. అక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆయమ్మది నారాయణపేట వైపు పల్లె. భర్త ఐటీ టవర్ల దగ్గర సెక్యూరిటీ గార్డు. లింగంపల్లి నుంచి షేర్ ఆటోలో మా కొండాపూర్ ఫ్లాటుకు వస్తుంది. వయసులో నాకంటే పెద్దదే అయినా నన్ను అక్కా అని, అత్తయ్యను పెద్దమ్మా అని పిలుస్తుంది.

ఇక సీసాలు కడిగే మిషను. ముందు కరెంటుతో నడిచేది ఒకటుండేది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చేసరికి అది కాలి కంపు కొట్టింది. దాంతో మావారు ఆన్‌లైన్‌లో వెతికి చేత్తో తిప్పేది తెప్పించారు. చూడటానికి పెద్ద టిఫిన్ డబ్బాలా ఉంటుంది. లోపల బ్రష్షులు నిలబడి ఉంటాయి. సీసాలను వాటి మీద బోర్లించి, సబ్బు కలిపిన వేణ్ణీళ్లు పోసి, పక్కనున్న పిడి తిప్పితే బ్రష్షులు గిర్రున తిరుగుతాయి. ఆ నీళ్లు వంచేసి మంచి వేణ్ణీళ్లతో మళ్లీ తిప్పాలి. చివరికి బ్రష్షుల తట్ట తీసేసి, స్టీలు అడుగులో కొంచెం నీళ్లు పోసి, స్టవ్ మీద పెట్టి మూత బిగిస్తే ఆవిరికి సీసాలు శుద్ధవుతాయి. తిప్పుతున్నంతసేపూ కిర్రు కిర్రుమని ఇల్లంతా వినబడేది.

దాన్ని చూడగానే ఆయమ్మ నవ్వింది. "గిదేందక్కా, పిండి గిర్ని లెక్కనే ఉన్నది!" అంది. ఆ రోజు నుంచి దాని పేరు గిర్నీయే.

డాక్టరు మాట విన్నాక నా మొదటి అనుమానం ఆ గిర్ని మీదే. పాత పాలు ఎండి అంటుకున్న సీసాలో కాస్త పసుపు కూడా కలిపి ఆరబెట్టి, దానిలో పెట్టి తిప్పి చూశాను. అద్దంలా వచ్చింది. బ్రష్షు మొదళ్లు, మూత రబ్బరు, పిడి సందులు టార్చిలైటు వేసి వెతికాను. ఏమీ దొరకలేదు. మిషను మంచిదని తేలడం నాకు సంతోషం కలిగించలేదు. ఎందుకంటే ఇక మిగిలింది మనుషులే.

పైగా నన్ను దొలిచేసే సంగతి ఇంకొకటి ఉంది. శని, ఆదివారాలు నేను ఇంట్లో ఉండి రొమ్ము పాలే ఇస్తే పాప తేరుకునేది. నేను ఆఫీసుకు వెళ్లగానే మళ్లీ మొదలు. అత్తయ్య పళ్లొస్తున్నాయనేవారు. ఆయమ్మ దిష్టి తగిలిందనేది. పళ్లయినా, దిష్టయినా శని, ఆదివారాలు సెలవు తీసుకుంటాయా? ఆ మాట పైకి అనలేదు గానీ, ఇద్దరి మొహాలూ అదోలా చూడటం మొదలుపెట్టాను.

వాళ్లు కూడా నన్ను అలాగే చూస్తున్నట్టనిపించేది. "ఏసీలో కూర్చుని పిండిన పాలు కదా" అని ఆయమ్మ పక్క ఫ్లాటు పనమ్మాయితో అన్నట్టు చెవిన పడింది. అత్తయ్య ఇంకో దారిలో వచ్చారు. "ఉద్యోగం ఎక్కడికి పోతుందమ్మా, పాప నడిచాక మళ్లీ చూసుకోవచ్చు" అన్నారు మజ్జిగ కలుపుతూ. నాకు ఒళ్లు మండింది. నా పాలనే తప్పు పడుతున్నారనుకున్నాను.

అప్పట్లో ఇంకోటి గమనించాను. సాయంత్రం సీసా మూతి దగ్గర వేలు పెడితే జారుడుగా తగిలేది. పాల జిడ్డనుకుని ముందు వదిలేశాను. ఆవిరి పట్టాక పాల జిడ్డు ఎలా మిగులుతుందని ఆ తర్వాత అనుమానం వచ్చింది. అంటే సరిగ్గా తిప్పడం లేదు. కిర్రు కిర్రుమని నాలుగు చుట్లు తిప్పి, అయిపోయిందనిపించి, ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చుంటుందని ఆయమ్మ గురించి తీర్మానించేశాను. పాప పుట్టినప్పటి నుంచి ఎత్తుకు తిప్పిన మనిషి గురించి అంత తేలిగ్గా అలా అనుకోగలిగాను.

ఒక మంగళవారం ఆఫీసుకు బయల్దేరి, చెప్పులు కూడా వేసుకుని, ఆఖరి నిమిషంలో మీటింగులు ఎక్కువున్నాయని, ఇంట్లోంచే చేస్తానని పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. లాప్‌టాప్‌లో మీటింగ్ నడుస్తోంది. మైకు ఆపేసి, ఒక చెవికే హెడ్‌సెట్ పెట్టుకుని, రెండో చెవి తలుపుకు ఆనించాను. మా మేనేజరు ఆ రోజు ఏం చెప్పాడో నాకిప్పటికీ తెలియదు.

గిర్ని మొదలైంది. కిర్రు, కిర్రు, కిర్రు. ఆగుతుందేమోనని చూశాను, ఆగలేదు. నీళ్లు వంపిన చప్పుడు. మళ్లీ కిర్రు కిర్రు. నేనైతే అంతసేపు తిప్పేదాన్ని కాదు. స్టవ్ లైటర్ టక్కుమంది. కాసేపటికి మూత తీసిన చప్పుడు, ఆయమ్మ పాప దగ్గరకు పోయిన అడుగులు. తర్వాత అత్తయ్య చెప్పులు వంటింట్లోకి వెళ్లాయి. సన్నగా ప్రార్థన చేస్తున్నారు. ఆవిడ ఇల్లు ఊడ్చేటప్పుడూ, కూర తరిగేటప్పుడూ ప్రార్థన చేస్తారు కాబట్టి నేను పట్టించుకోలేదు. ఆమెన్ అన్నారు, చెప్పులు బయటికి వచ్చాయి. కాసేపటికి ఆయమ్మ అడుగులు మళ్లీ వంటింట్లోకి వెళ్లాయి. ఆ వెంటనే సింకు కొళాయి జర్రున వదిలిన చప్పుడు.

ఆవిరి పట్టిన తర్వాత కొళాయితో ఏం పని? హెడ్‌సెట్ వైరు పీకేశాను. ఒక్క ఉదుటున తలుపు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. ఆయమ్మ శుద్ధి చేసిన సీసాను కొళాయి కింద పెట్టి, లోపలికి వేళ్లు పోనిచ్చి గబగబా తొలుస్తోంది.

ఎండలు ముదిరాక మా అపార్ట్‌మెంటుకు ట్యాంకర్లే దిక్కు. ఎక్కడి బోరు నీళ్లో, ఎప్పుడు కడిగిన ట్యాంకరో ఎవరికీ తెలియదు. ఆ నీళ్లు మేం పుక్కిలించం కూడా. అవి నా కూతురు తాగే సీసాలో గలగలమంటున్నాయి.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అని అరిచాను. నా గొంతు విని నాకే భయమేసింది. లోపల పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

ఆయమ్మ కొళాయి కట్టేసింది. ఒకసారి హాలు వైపు చూసింది. తప్పు చేసినవాళ్ల చూపే అది అనుకున్నాను. "రేపటి నుంచి రావద్దు" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఆమె గట్టు మీద ఇంకా కడగని సీసా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"జర వాసన సూడక్కా" అంది.

చూశాను. పాల వాసన కాదు, సబ్బు వాసన కాదు. ఏదో పూల అత్తరు కలిపిన నూనె వాసన. సీసా మూతి లోపల పలచగా మెరుస్తోంది. ఆ వాసన నాకు బాగా తెలుసు. ప్రతి శుక్రవారం మదీనాగూడ చర్చిలో ఉపవాస ప్రార్థన నుంచి వచ్చిన అత్తయ్య నుదుటి మీద వచ్చే వాసన అది.

"పెద్దమ్మ పార్థన చేసి దినాం పెడ్తరు. పాపకు నూనె పడ్తలేదేమో అని నాకు డౌటు. అందుకే కడుగుతున్న" అంది ఆయమ్మ నెమ్మదిగా.

"ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల జెప్పాలె అక్కా? దేవుని నూనె వద్దంటె, మీ దేవుడు నాకు గిట్టడనుకుంటరు గద. పెద్దమ్మకు తెల్వకుంట కడిగితె అయిపాయె అనుకున్న. గిన్నెలన్ని గవే నీళ్లతోని కడుగుతున్నం గద."

అత్తయ్య పాపను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"ప్రార్థన చేసిన నూనె అది. వేలితో ఒక్క చుక్క రాసేదాన్ని అంతే" అన్నారు. మొదట గొంతులో కొంచెం బింకం ఉంది. "నువ్వు ఆఫీసుకు వెళ్లిన వారమే పాపకు మొదటిసారి మోషన్స్ అయ్యాయి కదా, అప్పుడు మొదలుపెట్టాను. నీకు చెబితే వద్దంటావని..." అని ఆగిపోయారు. ఆయమ్మ చేతిలో నీళ్లు కారుతున్న సీసా వైపు చూశారు. "అయితే రోజూ ఈ కొళాయి నీళ్లతోనే కడిగావా, అమ్మా?" అని అడిగారు.

ఆయమ్మ తలూపింది. అత్తయ్య పాపను నాకు అందించి స్టూలు మీద కూలబడ్డారు. మరిగించిన సిరంజిని చేత్తో ముట్టుకున్న ట్రైనీలను జీవితమంతా తిట్టిన మనిషి ఆవిడ. "నేను నూనె రాయకపోతే తను కడిగేది కాదు" అన్నారు. కొంగుతో మొహం కప్పుకున్నారు.

నాకు గట్టిగా ఎవరినైనా తిట్టాలనుంది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. మొదటి విరేచనాలు దేనివల్లో మాకు ఎప్పటికీ తెలియదు. ఆ తర్వాతివి మాత్రం ఒకరు దాచిన ప్రేమను ఇంకొకరు దాచి కడగడం వల్లే వచ్చాయి. పాప ఏడుపు ఆపి నా మెడ గొలుసు నోట్లో పెట్టుకుంది. ఆ ఒళ్లు ఎంత తేలికైపోయిందో చేతికి తెలుస్తూ ఉంటే ఏడుపొచ్చేసింది. ముగ్గురం ఆ ఇరుకు వంటింట్లో ముక్కులు చీదుకుంటూ ఉండిపోయాం. పడకగదిలో లాప్‌టాప్‌లోంచి ఎవరో నా పేరు పిలుస్తున్నారు.

జరిగింది చెబితే డాక్టరు మాత్రం నీళ్లే అయి ఉండొచ్చన్నాడు, ఖాయంగా చెప్పలేనన్నాడు. నాలాంటి మనిషే అనుకున్నాను. నూనెను సీసా లోపల కాక పాప అరికాళ్లకు రాయాలని, గిర్నిలోంచి తీసిన సీసాను ఎవరూ ఇంకో నీళ్లకు తగలనివ్వకూడదని మాట్లాడుకున్నాం. అత్తయ్య దానికి ఒప్పుకోవడానికి కాసేపు పట్టింది. అరికాళ్లు నేలకు ఆనుతాయి, నుదురు మేలన్నారు. సరే నుదురే అన్నాను. మందులు పూర్తయ్యేసరికి పాప కుదుటపడింది. తూకం ముల్లు వెనక్కి వెళ్లడం మానేసి ముందుకు జరిగిన రోజు ఆయమ్మ అపార్ట్‌మెంటు గేటు దగ్గరే దిష్టి తీసేసింది. అత్తయ్య చూడనట్టు లిఫ్టు మీట నొక్కారు.

అయినా నా బుద్ధి మారలేదు. ప్రతి ఉదయం పడకగదిలో తల దువ్వుకుంటూ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ గిర్ని చప్పుడు వినేదాన్ని. సరిపడా తిప్పారా, రెండోసారి తిప్పారా అని చెవితోనే కనిపెట్టేదాన్ని. కిర్రు కిర్రు వినబడినంతసేపూ నా ప్రాణం నెమ్మదిగా ఉండేది.

ఒక సోమవారం ఆ చప్పుడు రాలేదు. చూశాను, చూశాను. లేదు. దువ్వెన చేతిలో ఉండగానే వంటింట్లోకి పరుగెత్తాను. ఆయమ్మ గిర్ని తిప్పుతూనే ఉంది. లోపల బ్రష్షులు నురగ చిమ్ముకుంటూ గిరగిరా తిరుగుతున్నాయి. చప్పుడే లేదు. అత్తయ్య చంకలో పాప ఆ తిరిగేదాన్ని చూస్తూ కాళ్లు ఎగరేస్తోంది.

నేను వంగి పిడి దగ్గర ముక్కు పెట్టాను. అదే పూల వాసన.

"బయటి వైపే వేశానమ్మా. మరీ కీచుమంటోందని" అన్నారు అత్తయ్య గాబరాగా.

"లోపటికి పోదక్కా, నేను సూసిన. తిప్పినంక చేతులు సబ్బుతోని కడుగుతున్న. ఫికర్ చెయ్యకు" అంది ఆయమ్మ.

ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారు. ఇక తలుపు వెనక నిలబడి వినడానికి నాకు ఏ చప్పుడూ మిగల్లేదు. పాప నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను, పెదాలకు నూనె అంటింది. తుడుచుకోకుండా ఐస్ ప్యాకుల సంచి భుజాన వేసుకుని ఆఫీసుకు బయల్దేరాను.