పక్కకు తిరిగిన ఫిరంగి

పక్క వాటాలో వడ్రంగి తలుపులు బాగుచేస్తున్నాడు. సాయంత్రం అతను కాచిన సరేసు వాసన ఇంకా మా ఇంట్లోంచి పోలేదు. పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేసే జిగురు అది. ఆ వాసన కుళ్ళుకీ మాడుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. మా వారు ముక్కు మూసుకుని కిటికీ వేసేశారు. ఆయన పడుకున్నాక మళ్ళీ తెరిచాను. బాబు హాయిగా నిద్రపోతున్నాడు. నిద్ర పట్టనిది నాకే. ఆ వాసన తగిలితే బడినాటి కోపం కొంచెం కూడా చల్లారకుండా గొంతులోకి వచ్చి కూర్చుంటుంది. యోహాను మాస్టారి గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. నాలుగు మంచి మాటలతో మొదలుపెట్టాలని చూసిన ప్రతిసారీ కలం ఆగిపోయింది. ఈసారి కోపంతోనే మొదలుపెడుతున్నాను. ఆయనా ఏ పనైనా అలాగే మొదలుపెట్టేవారు.

నరసరావుపేటలో మా హైస్కూల్లో ఆయన డ్రాయింగూ చేతిపనులూ చెప్పేవారు. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏటేటా పొడిగించేది. ఆదివారం చర్చిలో పాటెత్తుకునే గొంతూ, మిగతా వారమంతా మమ్మల్ని తిట్టే గొంతూ ఒకటే. రెండూ వీధి చివరికి వినపడేవి. రెండు ముంజేతుల మీదా చర్మం ముడుతలు పడి, కాగి చల్లారిన పాల మీది మీగడలా ఉండేది. కాలిన గాయాలు. బర్మాలో యుద్ధం జరిగినప్పుడు ఆయన ట్యాంకులు బాగుచేసే దళంలో మెకానిక్కు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆయన మాత్రం ఎత్తేవారు కాదు.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. మాచర్ల అవతల కృష్ణ మీద కట్టబోతున్న ఆనకట్ట గురించే అప్పుడు ఊరంతా మాట్లాడుకునేది. మూడు తరగతులవాళ్ళు మూడు ఆనకట్టలు మొదలుపెట్టారు. మా తరగతి ఏం చేస్తుందని అడిగితే యోహాను మాస్టారు "ట్యాంకు" అన్నారు. మొన్నటి పాకిస్తాన్ యుద్ధం తర్వాత ఇప్పుడు చంటిపిల్లలకు కూడా ట్యాంకంటే తెలుసు గానీ, అప్పటికి మాకు తెలిసింది నీళ్ళ ట్యాంకే. వెనక బెంచీలోంచి ఒకడు లేచి "ఎన్ని నీళ్ళు పడతై సార్?" అన్నాడు. తరగతంతా నవ్వింది.

"నీళ్ళు కాదురా. అయిదుగురు మనుషులు పడతారు" అన్నారాయన.

అడుగుకు అర అంగుళం లెక్కన బూరుగు చెక్కతో ట్యాంకు ఒళ్ళు చెక్కారు. కొలతలు ఏ పుస్తకంలోనూ చూడలేదు. మోచెయ్యి చాపి, భుజం వంచి, "ఇక్కడ నా చెయ్యి ఇంతవరకూ దూరేది" అని గుర్తుచేసుకుని గీత గీసేవారు. ఉత్త దారపు రీళ్ళు కోసి చక్రాలు. సైకిలు ట్యూబు మీద కిరసనాయిలు డబ్బా రేకు ముక్కలు కుట్టి, చక్రాల చుట్టూ తిరిగే పట్టా. గొడుగు కాడతో ఫిరంగి గొట్టం. ఆ గొట్టం బిగించి ఉండే పైభాగాన్ని ఆయన తలకాయ అనేవారు. అది నిజం ట్యాంకులో చుట్టూ తిరుగుతుందట. సన్న పనికి నన్ను పెట్టుకున్నారు. నేను మొదటిరోజు ఒక చక్రానికి ఆకుపచ్చ రంగు ఎక్కడా చెదరకుండా వేసి, మెచ్చుకుంటారని చూపించాను. ఆయన దాన్ని తీసుకుని గోడకేసి బరబరా రాశారు. నాకు ఏడుపొచ్చింది.

"కొత్తదాన్ని ఎవడన్నా చేస్తాడే రాజ్యం. వాడినదాన్ని చెయ్యి, చూద్దాం" అన్నారు.

అప్పటినుంచి నెల్లాళ్ళు మేం చేసిన పని ఆ ట్యాంకును పాడుచెయ్యటమే. బండి చక్రం కమ్మి మీది తుప్పు గీరి సరేసులో కలిపి రేకుల అంచులకు పూశాం. లాంతరు చిమ్నీ మసి వేలికద్దుకుని వెనకవైపు పట్టించాం. ఎక్కే మనిషి బూటు ఆనేచోట రంగు అరిగిపోవాలి, ఎక్కనిచోట అరగకూడదు. "ఇక్కడ ఎవడు కాలేస్తాడే? గాల్లోంచి దిగుతాడా?" అని ఒకసారి తిట్టి మొత్తం తుడిపించారు. ఎర్రమట్టి గుడ్డలో జల్లించి పట్టాల సందుల్లో కూరాం. నేను ఇంటికి వెళ్తే మా అమ్మ గడపలోనే ఆపేది. "ఏమే, ఆ తోళ్ళ జిగురు చేతుల్తో వంటింట్లోకొస్తావా? కోమటోళ్ళ ఇంట్లో పుట్టి ఏం పన్లే ఇయ్యి? పో, బావి కాడికి పో!" రోజూ రెండోసారి తలస్నానం. అయినా నేను మానలేదు. చూసిందాన్ని చూసినట్టు చెయ్యటంలో ఉన్న సుఖం నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు.

చివరికి తలకాయ అతికించే రోజు వచ్చింది. ఆయన దాన్ని తిన్నగా పెట్టలేదు. ఫిరంగి ఎడమవైపుకు కొంచెం తిరిగి, ముందుభాగంలో నేను గుండుసూదులతో బందులు పెట్టి చేసిన చిన్న తలుపుకు అడ్డంగా వచ్చేట్టు పెట్టారు. తలుపు వెడల్పు ఒక వేలు దూరేంత. గోటితో ఎత్తబోయాను. గొట్టానికి తగిలి ఆగిపోయింది.

"తలుపు రావట్లేదు సార్. కొంచెం పక్కకు జరపండి."

"రాకూడదనే పెట్టా" అన్నారు. సరేసు ఆరేదాకా రెండు చేతుల్తో తలకాయను పట్టుకుని కదలకుండా కూర్చుని, ఆ కాస్సేపట్లోనే చెప్పారు. ఆ తలుపు కింద కూర్చుని బండి నడిపేవాడు కోటయ్య. బొల్లాపల్లి పక్క పల్లెవాడు. ఆ దళంలో తెలుగు మాట్లాడేవాళ్ళు వీళ్ళిద్దరే. దెబ్బ తగిలి ట్యాంకు అంటుకున్నప్పుడు నలుగురు దూకేశారు, కోటయ్య దూకలేదు. దూకినవాళ్ళలో ఒకడి మాట ఎలాగో ఊరు చేరింది. కోటయ్య భయంతో కొయ్యబారిపోయాడనీ, దద్దమ్మ చావు చచ్చాడనీ ఊళ్ళో వాళ్ళు అతని తల్లి నాగమ్మ ముందే అనేవారు. మర్నాడు ఆ ట్యాంకును లాక్కొచ్చింది యోహాను మాస్టారే. ఎందుకు రాలేకపోయాడో చూసింది ఆయనొక్కరే.

"మరి ఆమెకు చెప్పలేదా సార్?"

"యుద్ధంనించి రాంగానే పోయా. నీ కొడుకు వీరుడమ్మా అని మొదలుపెట్టా. అందరూ ఆ మాటే చెబుతార్లే నాయనా అని మొహానే తలుపేసింది. తప్పు నాది. వీరుడని చెబితే ఎవురు నమ్ముతారు? ఓదార్పు మాట అనుకుంటారు. కళ్ళతో చూస్తే కాదనలేదుగా. ఎగ్జిబిషన్‌కి తీసుకొస్తానని కబురుపెట్టా. ఈసారి వస్తానంది."

అందుకని ఆ ట్యాంకు మా తరగతి వస్తువు కాదు. ఒక తల్లికి జవాబు. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున ఆయన నాగమ్మను తీసుకురావటానికి బస్‌స్టాండుకు వెళ్ళారు. నేను హాల్లోకి వెళ్ళేసరికి మా బల్ల మీద వెండిగిన్నెలా మెరుస్తూ ఏదో ఉంది. అది మా ట్యాంకేనని గుర్తుపట్టటానికి నాకు కొంతసేపు పట్టింది. జిల్లానుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని హెడ్మాస్టారు ముందురోజు అన్నీ చూసుకుంటూ వచ్చి, ఇంత మురికి బండిని ఆయనకెలా చూపిస్తామని అటెండరు చేత బకెట్టు నీళ్ళతో కడిగించారు. సరేసు నీళ్ళకు ఆగదు. చక్రాలు ఊడాయి, పట్టా ఊడింది, తలకాయ ఊడింది. మైదా పిండి ఉడికించి అన్నీ మళ్ళీ అతికించారు. స్కూలు గేటుకు వేయగా మిగిలిన అల్యూమినియం రంగు పూశారు. కొత్త లారీకి చేసినట్టు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గొట్టం మూతికి కాగితం జెండా. ఫిరంగి తిన్నగా ముందుకు చూస్తోంది.

"వంకరగా అతికిస్తే నేనే సరిచేయించానమ్మా. పక్క చూపులు చూసే ఫిరంగి సైన్యానికే అప్రతిష్ట" అన్నారు హెడ్మాస్టారు, ఎంతో మేలు చేసినట్టు.

"సార్, అది పక్కకే ఉండాలి సార్. ఆ మట్టి కూడా మురికి కాదు."

"నువ్వెప్పుడు చూశావే యుద్ధం?"

"మీరు చూశారా సార్?"

చెవి మెలిపెట్టి హాలు గుమ్మం దాకా లాక్కెళ్ళి నిలబెట్టారు. చెవి నొప్పి సాయంత్రానికి పోయింది. ఆ మనిషి మొహంలో ఉన్న తృప్తి మాత్రం ఇప్పటికీ నా కళ్ళముందునుంచి పోలేదు. చెడ్డవాడు చెడు చేస్తే అర్థమవుతుంది. తనకు తెలియనిదాన్ని కడిగి, రంగేసి, బొట్టుపెట్టి, మంచిపని చేశాననుకునేవాణ్ణి ఏం చెయ్యాలి?

ఆఫీసరు వచ్చి ఆనకట్టలు చూసి మా బల్ల దగ్గరికి చేరేసరికి, అవతలి గుమ్మంలోంచి యోహాను మాస్టారు నాగమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. ముతక చీర, నడుము వంగిన మనిషి. ఆయన బల్లను చూసి నిలబడిపోయారు. ఆమెకేం తెలుసు? తిన్నగా ట్యాంకు దగ్గరికే వచ్చేసింది.

"ఇదేనా నాయనా? మావోడు యాడ కూర్చునేవోడు?"

మాస్టారు ముందుభాగం వైపు వేలు చూపించారంతే. నాగమ్మ వంగి ఆ చిన్న తలుపును గోటితో ఎత్తింది. తేలిగ్గా లేచింది. మూసింది. మళ్ళీ ఎత్తింది. వేలు లోపలికి పెట్టి బయటికి తీసింది.

"ఇంత తేలిగ్గా వచ్చుద్ది గదయ్యా తలుపు. మరెందుకు రాలా మావోడు? అయితే జనం అనేదే నిజమా?"

పక్కన హెడ్మాస్టారు ఆఫీసరుతో సైన్యం విజయయాత్ర గురించేదో ఇంగ్లీషులో చెబుతున్నారు. యోహాను మాస్టారు ఒక్క అడుగులో వచ్చి ట్యాంకు తలకాయ పట్టుకుని మెలితిప్పారు. మైదా పిండి పచ్చిగానే ఉంది. ఫిరంగి ఎడమకు తిరిగింది. కాగితం జెండా చిరిగి కిందపడింది.

"ఇప్పుడు తియ్యి పిన్నమ్మా."

ఆమె గోరు పెట్టి ఎత్తింది. గొట్టానికి తగిలి ఆగింది. మళ్ళీ ఎత్తింది.

"రావట్లా."

"రాదు. ఆరోజూ రాలా. తలకాయ ఇట్టా తిరిగి ఆగిపోయింది, దాన్ని తిప్పేవోళ్ళు దూకేశారు. పక్కనించి వద్దామంటే మంట అటే ఉంది."

"నెట్టాడా?"

"సుత్తి పెట్టి కొట్టాడు. మర్నాడు ఆ తలుపు ఊడదీసింది నేనే. లోపలివైపు రేకంతా సొట్టలే పిన్నమ్మా. చానాసేపు కొట్టాడు."

నాగమ్మ ఏడవలేదు. ఏడుస్తుందని చుట్టూ ఉన్న పెద్దమనుషులు మొహాలు సిద్ధం చేసుకున్నారు. ఆమె నడుము నిటారుగా చేసుకుని హాలంతా కలయజూసింది. "విన్నారా? మావోడు కొట్టాడంట. కొయ్యబారలా. చానాసేపు కొట్టాడంట!" అని అరిచింది. మా అందరినీ ఆ ఊరివాళ్ళే అనుకున్నట్టుంది ఆ అరుపు.

"ఏమిటీ గలాటా?" అన్నాడు ఆఫీసరు. హెడ్మాస్టారు చేతులు నలుపుకుంటూ "డ్రాయింగు మాస్టరండి, కొంచెం డిసిప్లిన్…" అని ఇంకా ఏదో అనబోయారు. యోహాను మాస్టారు ఆయనవైపు తిరిగారు. "కాలి చచ్చినోడికి పెళ్ళికొడుకు వేషమేశావు గదరా!" అన్నారు.

ఆ ఒక్క మాటకు క్షమాపణ రాసివ్వమన్నారు. ఆయన ఇవ్వలేదు. వేసవి తర్వాత ఉద్యోగం పొడిగించలేదు. దాచేపల్లిలో లారీలు బాగుచేసే షెడ్డులో చేరారని విన్నాను. తోటి మాస్టర్లు ఒక్కరూ ఆయన పక్షాన నిలబడలేదు. "తొందరపడ్డాడు పాపం" అన్నారు. మా నాన్నగారు మంచివారు, ఆయన కూడా "నిజమే చెప్పాడు, కానీ చెప్పే పద్ధతొకటి ఉంటుందిగా" అన్నారు. ఆ మాట గుంటూరు కాలేజీలోనూ విన్నాను, అత్తవారింట్లోనూ విన్నాను. దాన్ని అనేవాళ్ళెవరూ ఆ తలుపు ఎత్తి చూసినవాళ్ళు కాదు. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. మాస్టారు నాకు బొమ్మలు వెయ్యటం నేర్పారని అనుకునేవాళ్ళకు చెబుతున్నాను, నేను ఆ తర్వాత కుంచె పట్టలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఆ మంటే. ఎవరైనా ఒక విషయాన్ని తళతళలాడేట్టు తుడిచి నా ముందు పెడితే, దాన్ని గోడకేసి రాయాలనిపిస్తుంది.

పోయిన నెల బాబుకు సూదిమందు వేయించాక కాలు వాచి, అడుగు కింద పెట్టటం మానేశాడు. ఆస్పత్రిలో డాక్టరు తల ఎత్తకుండానే "మామూలేనమ్మా, వెళ్ళండి. తల్లులకు అన్నిటికీ కంగారే" అన్నాడు. మా వారు లేచారు. నేను లేవలేదు. మామూలే అయితే ఎందుకు వాచిందో చెప్పమన్నాను. వెనక వరసలో జనం గొణిగారు. మా వారు చెయ్యి పట్టుకుని లాగారు. మళ్ళీ అడిగాను. మూడోసారికి నా గొంతు వీధి చివరికి వినపడి ఉంటుంది. డాక్టరు చిరాగ్గా కలం పక్కన పడేసి, కుర్చీ ముందుకు లాక్కుని, అప్పటిదాకా ముట్టుకోని బాబు కాలును చేతుల్లోకి తీసుకున్నాడు.